చింతపండుతో కడిగిన గాజుబిళ్ల

వేల ఏళ్లు చెక్కుచెదరని గాజును తయారుచేస్తున్నామని మా బాసు ఎక్కడపడితే అక్కడ చెప్పుకునేవాడు. ఆ గాజు మా వంటింట్లో ఒక్క పూట క్షేమంగా ఉండలేదు.

లేజరుతో గాజులోపల చుక్కలు పొడవడం మా పని. పాటైనా, ఫొటో అయినా చుక్కలుగా మారుతుంది. మైక్రోస్కోపు కింద పెడితే కంప్యూటరు ఆ చుక్కల్ని చదివి మళ్లీ పాట చేస్తుంది. లాక్‌డౌన్ వచ్చి డండాక్ ఊళ్లోని మా ల్యాబుకు తాళం పడింది. అప్పటికి రాసిన ఒకే ఒక్క గాజుబిళ్లనూ, మైక్రోస్కోపునూ నేవన్ ఊళ్లోని మా ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాను. శుక్రవారం పెట్టుబడి పెట్టేవాళ్లు వీడియోలో చూస్తారు. బిళ్ల చదవగలిగితే ప్రాజెక్టు ఉంటుంది, లేకపోతే మూత. నా వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగం మీదే ఉంది కాబట్టి మేమూ మూటాముల్లే సర్దుకుని ఈ దేశం వదలాలి.

ల్యాబులో రాసేటప్పుడు అందులో ఏం రాయాలో బాసు చెప్పలేదు. ఫోనులో అన్నిటికన్నా పైన కనబడిన ఫైలు ఎక్కించేశాను. అది మా ఆవిడ వాయిస్ మెసేజ్. చెత్తబండి వచ్చే రోజు బిన్లు బయట పెట్టలేదని తిట్లు. బిన్ల దాకా విని ఆపేశాను. పెళ్లాం మెసేజ్ ఆసాంతం వినే మగాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మా ఆవిడ నర్సు. డ్యూటీ కొవిడ్ వార్డులో. గుమ్మం దాటి లోపలికొచ్చే ప్రతి వస్తువూ ఆవిడకు అనుమానమే. మా ఇంట్లో పప్పుకో కుక్కరు, కరోనాకో కుక్కరు. ఆస్పత్రిలో పరికరాలను ఆవిరిలో ఉడికిస్తారు కదా, అదే పద్ధతిలో తాళంచెవులు, కత్తెర, నా కళ్లజోడు కూడా ఉడికాయి. గురువారం పొద్దున నా బిళ్ల వంతు వచ్చింది.

"ల్యాబులో ఎంతమంది చేతులు పడ్డాయో ఏంటో! మూడు విజిల్సే పెట్టానండీ" అంది.

గాజు పగల్లేదు. కానీ నేవన్ నీళ్లలో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున అట్టకట్టే ఆ సున్నమే బిళ్ల మీద పేరుకుని, కంటికి శుక్లం వచ్చినట్టు తెల్లగా అయింది. మైక్రోస్కోపుకు ఒక్క చుక్క కనబడదు. దాన్ని వదిలించే మందులన్నీ ల్యాబులో తాళం వెనక ఉన్నాయి. పైగా ఇంటికి అయిదు కిలోమీటర్లు దాటితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారు ఆపి ఎక్కడికని అడుగుతారు. మా ఆవిడ నా ప్రాజెక్టును ఉడకబెట్టిందని ఏ పోలీసుకు చెప్పను?

"నా ఉద్యోగాన్ని కుక్కర్లో వేశావు కదే!" అని అరిచాను.

"అరవకండి. మీ ఇంట్లో ఇత్తడి బిందెలు ఎప్పుడూ తోమలేదా? ఆ కెటిల్ పైన ప్రెస్‌లో చింతపండు ఉంది, తీయండి."

అలమర తెరిచి తీసిచ్చాను. ఈనెలు గీతలు పెడతాయని ఆవిడ పులుసును పల్చటి గుడ్డలో వడకట్టి, బిళ్లను అందులో నానేసింది. సాయంత్రానికి తెలుపంతా పోయింది. మా అమ్మాయి వాసన చూసి, "డాడ్, ఇట్స్ గ్రాండ్. స్మెల్స్ లైక్ రసం" అంది.

శుక్రవారం తెర మీద బాసు, కొత్త ముఖాలు నాలుగైదు. చింతపండు సంగతి నేనెందుకు చెబుతాను? బిళ్ల పెట్టి మీట నొక్కాను. మా ఆవిడ గొంతు ఖంగుమంది.

"ఏవండీ, బిన్లు బయట పెట్టారా? ఈ వారం నల్లదండీ, పచ్చది కాదు. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

ఒకావిడ అర్థమేమిటని అడిగితే హుషారుగా చెప్పాను. అందరూ నవ్వారు. ఫైలు ఇంకా నడుస్తోంది.

"ఇంకో మాటండీ. వార్డులో నా పక్కన పనిచేసే ఆవిడకి పాజిటివ్ వచ్చింది. నాకూ జ్వరం తగిలితే పైగదిలో ఉంటాను. నేనెంత పిలిచినా తలుపు తీయొద్దు. ఏడ్చినా తీయొద్దు. పాపను పట్టుకుని కిందే ఉండండి."

ఆ మెసేజ్ వచ్చి నెల దాటింది. జ్వరం రాలేదు. ఆ నెలంతా ఆ భయాన్ని ఆవిడ ఒక్కతే మోసింది.

"ఆ చివర ఏమంటోంది?" అని తెర మీది ఆవిడ అడిగింది. నేను మెట్ల వైపు తిరిగాను. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి మెట్ల మీద కూర్చున్న మా ఆవిడ మెల్లగా అంది.

"బిన్ల గురించేనని చెప్పండి."

అదే చెప్పాను. బాసు గ్రాండ్ అన్నాడు, ప్రాజెక్టు నిలబడింది. నేను బయటికెళ్లి నల్ల బిన్ను గేటు దాకా లాక్కెళ్లి, దాన్ని పట్టుకుని అక్కడే ఏడ్చాను.