జీపు ముందు చక్రాల వాలు: నందికొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా

ఉదయం 5.40కి నందికొండలో బయలుదేరేటప్పుడు జీపులో ఉన్నవి: నేను, మా చిన్నాయన రాములు కాక, జాకీ, స్పానర్ల సంచి, గాలి చూసే గేజి, నీళ్ళ డబ్బా, కాకకు కొత్తగా చేయించిన కళ్ళద్దాలు, నా నోటుపుస్తకం, అందులో మడిచి పెట్టిన నల్లగొండ అలైన్‌మెంట్ కాగితం. స్టీరింగ్ ముందు నేను కూర్చున్నాను. నాకు తెలిసినంతలో కాక ఆ బండిలో పక్క సీటులో కూర్చోవడం అదే మొదటిసారి.

ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలి. మా జీపు సాగర్ నీటి అంచు నుంచి చేపల పెట్టెలను రోడ్డు మీదికి చేరుస్తుంది. నాయిన పోయాక బండి నా పేరు మీదికి వచ్చింది, తోలేది మాత్రం ఎప్పటిలాగే కాక. దిగుడు దారిలో రాళ్ళు బండి అడుగుకు తగులుతున్నాయని రెండేళ్ళ కిందట దాన్ని రెండు అంగుళాలు ఎత్తాను. నాకు మెకానికల్ డిప్లొమా ఉంది. ముందు స్ప్రింగు కమాన్లలో ఒక్కో పట్టీ ఎక్కువ వేసి, వాటిని వేలాడదీసే షాకిళ్ళు పొడవువి పెట్టాను. అలా ఎత్తితే ఇరుసు కొద్దిగా ముందుకు తిరిగిపోతుంది. దాన్ని వెనక్కి తేవడానికి కమానుకూ ఇరుసుకూ మధ్య ఒక అంచు మందంగా ఉండే మూడు డిగ్రీల ఏటవాలు ఇనుప ముక్కలు, అటొకటి ఇటొకటి, ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ చూసి బిగించాను.

అప్పటినుంచి కాకది ఒకటే మాట. “మలిపినంక స్టీరింగు మల్ల దానంతటది వస్తలేదుర శీనూ. నేనే గుంజి తెస్తున్న.”

బండి మీద వచ్చే ప్రతి ఫిర్యాదునూ తేదీతో రాసుకోవడం నా అలవాటు. ఈ ఫిర్యాదు పద్నాలుగు సార్లు ఉంది. పక్కన కారణం గడిలో పద్నాలుగు సార్లూ ‘డ్రైవర్’ అని రాశాను. బండి ఎత్తాక నల్లగొండలో చక్రాల అలైన్‌మెంట్ చూపించినప్పుడు ఇచ్చిన కాగితంలో అంకెలన్నీ పచ్చగా ఉండడమే నా ఆధారం.

పోయిన నెల పెద్దవూర దారిలో మలుపు దాటాక జీపు తిన్నగా రాక కల్వర్టు గోడను గుద్దింది. పెట్టెలన్నీ రోడ్డు పాలయ్యాయి. కాక మణికట్టు వాచింది. మర్నాడు ఒడ్డు మీద చేపలు ఏరుతున్న అందరి ముందూ ఆ కాగితం చూపించి, “లోపం బండిలో లేదు, తోలే చేతిలో ఉంది” అన్నాను. కాక అక్కడే తాళం నా చేతిలో పెట్టాడు. తర్వాత ఆయన్ను కంటి దవాఖానకు కూడా తీసుకెళ్ళాను. చదువుకునేందుకు మాత్రమే అద్దాలు కావాలని డాక్టరు చెప్పినా, ఎప్పుడూ పెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు. వేరే డ్రైవర్‌తో మాట్లాడాను.

కాక ఒక్కటే అడిగాడు. “పాలమూరుల పెద్ద మిషనున్నదట. గాడ సూపెడదాం. బండిది తప్పైతే తాళం నాకియ్యి. నాదే అయితే మల్ల నోరు తెరవ.” పాలమూరంటే మహబూబ్‌నగరే. సరేనన్నాను.

7.05కి మల్లేపల్లి. ఇడ్లీ, టీ. ఈ దారిన వచ్చేవారు ఇక్కడే తినడం మంచిది. కూర్చుని తినే చోటు మళ్ళీ మాకు కల్వకుర్తి దాకా కనిపించలేదు. సీతాఫలాల గంపతో ఒక అవ్వ కల్వకుర్తి వరకు ఎక్కించుకోమంది. కాక వెనక్కి వెళ్ళి ఆమెకు ముందు సీటు ఇచ్చాడు.

పది కిలోమీటర్లు పోకముందే అవ్వ నన్ను చూసి అంది: “ఏం కొడుకా, కోడెను పట్టి గుంజినట్టు గుంజుతున్నవ్? జర ఇడువరాదు.”

“గాయన్నే అడుగు అవ్వా. ఇంజినీరు సాబు” అన్నాడు కాక వెనక నుంచి.

“ఇంజినీరా? మరి డ్రైవర్ను పెట్టుకోరాదు?”

కాక పెద్దగా నవ్వాడు. నెల రోజుల్లో ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి. నేనెప్పుడూ ఈ బండిని మా కాలనీ రోడ్లు దాటి తోలలేదు. మల్లేపల్లి దాటేసరికే భుజాలు లాగుతున్నాయి. ప్రతి మలుపు తర్వాతా స్టీరింగ్‌ను చేత్తో వెనక్కి తేవలసి వస్తోంది. కల్వకుర్తిలో 9 గంటలకు అవ్వ దిగాక నోటుపుస్తకంలో రాసుకున్నాను: ‘రోడ్డు వాలు. ఎదురుగాలి.’

10.10కి జడ్చర్ల, 10.45కి మహబూబ్‌నగర్. ఊరి అంచున ఉన్న ఆ షెడ్డును అంజయ్య అనే యాభై ఏళ్ళ మనిషి నడుపుతున్నాడు. నేతవాళ్ళ ఇంట్లో పుట్టినవాడు. మిషను పెట్టకముందే చక్రాల పక్కన దారం లాగి కట్టి, ఒక కన్ను మూసి చూశాడు. నల్లగొండ కాగితం అడిగి తీసుకున్నాడు.

“గీ మూడో గడి ఖాళీగెందుకున్నది?”

“లోపం లేదని” అన్నాను.

“లోపం లేకుంటే నంబరుంటది సారూ. ఖాళీ ఉన్నదంటే కొలవలేదు. మిషను అబద్ధమాడదు గని, అడగంది చెప్పదు.”

ఎత్తు పెంచిన బండి ఉన్నవారు ఇది గుర్తుంచుకోవాలి. అలైన్‌మెంట్ అంటే మూడు కొలతలు. ముందు చక్రాలు ఒకదాని వైపు ఒకటి ఎంత మొగ్గాయో చెప్పేది టో. చక్రం నిటారుగా ఉందా, లోపలికో బయటికో ఒరిగిందా అన్నది క్యాంబర్. చక్రం ఏ కీలు మీద తిరుగుతుందో దాని పైభాగం వెనక్కి ఎంత వాలిందో చెప్పేది క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కుకు ఉండే వాలే ఇది. చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోయేది ఎక్కువగా దీనివల్లే. మా జీపులాంటి బండిని ఎత్తినప్పుడు తప్పేది ముఖ్యంగా ఈ మూడోదే. దీన్ని కొలవాలంటే చక్రాలను రెండు వైపులా తిప్పి చూడాలి. తొందరలో ఉన్నవారు ఆ పని వదిలేస్తారు.

అంజయ్య తిప్పి చూశాడు. మా బండికి మూడు, అయిదు డిగ్రీల మధ్య ఉండాలి. తెర మీద ఎడమ మైనస్ 1.9, కుడి మైనస్ 2.1 అని వచ్చింది. కీళ్ళు వెనక్కి కాదు, ముందుకు వాలి ఉన్నాయి.

ఆయన బండి కిందికి దూరి, టార్చి వేసి, బయటికి వచ్చాడు. “గా ముక్కలు ఎవరు పెట్టిన్రు?”

 కాక టైరు వైపే చూస్తూ, “మావోడే” అన్నాడు.

“ఉల్టా పెట్టిండు. మందం అంచు ముంగటికుండాలె. గీడ వెనకకున్నది. గీ బండిని రోజు తోలింది ఎవరు పెద్దన్నా, నువ్వేనా? నీ రెక్కలు గట్టియి.”

నేను చూసిన బొమ్మలోని బండికి కమాను ఇరుసు పైన ఉంటుంది. మా జీపుకు ఇరుసు కింద ఉంటుంది. పైన ఉంటే మందం వెనక్కి, కింద ఉంటే ముందుకు. బొమ్మలో తప్పు లేదు.

బోల్టులన్నీ నేనే విప్పాను. ముక్కలు తిప్పి బిగించేసరికి ఒంటిగంట దాటింది. బస్టాండు దగ్గర జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిన్నాం. కాక కళ్ళద్దాలు తీసి డబ్బాలో పెట్టాడు. మళ్ళీ కొలిస్తే ఎడమ 4.1, కుడి 3.9. 2.40కి తాళం కాక చేతికి ఇచ్చాను. తీసుకున్నాడు.

జడ్చర్ల మలుపులో ఆయన స్టీరింగ్ తిప్పి, రెండు అరచేతులూ కొద్దిగా తెరిచాడు. చక్రం దానంతట అదే జారి మధ్యకు వచ్చి నిలిచింది. ఆయన దాన్ని చూశాడు, గేరు మార్చాడు. 

4.20కి కల్వకుర్తిలో టీ. ఖాళీ గ్లాసు పక్కన తాళం పెట్టాడు.

“నువ్వే తోలుకపో. నేను బస్సుకొస్త.”

“కాకా, తప్పైంది.”

“గది నాకెందుకు చెప్తున్నవు? నాకెర్కనే గద.” లేచి నిలబడ్డాడు. “ఒడ్డు మీద గంతమంది ముంగట అంటివి. గీ కొత్త కాగితం ఎంతమందికి సూపెడ్తవు?”

“మరి రేపటి నుంచి బండి?”

“గా కొత్తాయన్నే రమ్మను. సక్కగున్నది గద ఇప్పుడు, ఎవరైన తోల్తరు.”

దేవరకొండ బస్సు ఎక్కి వెళ్ళిపోయాడు. కళ్ళద్దాల డబ్బా జీపు సీటు మీదే ఉంది.

మిగిలిన దారంతా నేనొక్కణ్ణే తోలాను. ఉదయం నేను రాసుకున్న రోడ్డు వాలు, ఎదురుగాలి ఎక్కడా తగల్లేదు. ఒక వేలు ఆనిస్తే చాలు, బండి గీత గీసినట్టు పోయింది. 7.10కి నందికొండ చేరాను. రానూ పోనూ సుమారు మూడు వందల ఇరవై కిలోమీటర్లు. రోడ్డు బాగుంది, అంజయ్య పని బాగుంది. వెళ్ళేవారు మూడో గడి నింపించుకోకుండా షెడ్డు దాటవద్దు.

ఇప్పుడు కొత్త డ్రైవర్ తోలుతున్నాడు. ఫిర్యాదులు లేవు. మహబూబ్‌నగర్ కాగితం నోటుపుస్తకంలో ఉంది. ఆ రోజు ఒడ్డు మీద ఉన్నవారు ఇరవై ఇద్దరు. ఇది రాసేనాటికి నేను ఆ కాగితం చూపించింది నలుగురికి.