వాతావరణం బాగుంటే మీట పైకి

1961 జూన్‌లో నన్ను నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు బదిలీ చేశారు. హోదా రేడియో సూపర్‌వైజర్. పేరు వినడానికి ఘనంగా ఉండేది గానీ, నా కింద ఒక మెకానిక్, ఒక పాత జీపు, ఆ జీపును తోయడానికి దారిలో దొరికే జనం తప్ప మరేమీ లేవు. పంచాయతీలకు సర్కారు ఇచ్చిన రేడియోలను నడిచేటట్టు చూడడం మా పని. కరెంటు లేని ఊళ్లు కనుక అవి పెద్ద బ్యాటరీల మీద నడిచేవి. సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందర జనం చేరితే, ఆపరేటర్‌గా పెట్టుకున్న మనిషి పెట్టె తాళం తీసి రేడియో వినిపించేవాడు.

నేను చేరిన రోజే మా అసిస్టెంట్ ఇంజనీరు ఒక ఫైలు నా ముందు పడేశారు. కోస్గి అవతలి ఒక ఊరి రేడియో ఆ ఎండాకాలం నుంచి రెండుసార్లు మూగబోయిందట. రెండుసార్లూ మెకానిక్ పోయి చూసి 'లోపమేమీ లేదు' అని రాసి వచ్చాడు. మూడో ఫిర్యాదు వస్తే సెట్టును ఊడదీసి పక్క ఊరికి ఇచ్చేయాలని అప్పటి నియమం. పక్క ఊరి వాళ్లు అప్పటికే రేడియో పెట్టడానికి అరుగు కట్టి, సున్నం కూడా కొట్టించుకున్నారు.

ఊళ్లోకి పోయేసరికి ఆపరేటర్ సాయన్న ఎదురొచ్చాడు. ఆయన పంచాయతీ చప్రాసీ. రేడియో వచ్చాక ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు పెరిగారు. ఆ సెట్టు పోతే ఆపరేటర్ పనీ పోతుంది, మళ్లీ పటేలు గారి బర్ల వెంట పోవాలి. ఆ మాట ఆయనే చెప్పాడు, జీపు ఆగక ముందే.

పెట్టె తెరిచి చూశాను. బ్యాటరీ బాగుంది, సెట్టూ బాగుంది. గోడ మీది మీట మాత్రం కిందికి దించి ఉంది. ఈ మీట సంగతి చెప్పాలి. రేడియోకు మాటలు అందించే తీగను రెండు పొడవాటి వెదురు గడల మీద కడతాం. అంత ఎత్తున తీగ ఉంటే దాని మీద పిడుగు పడే ప్రమాదం ఉంది. అందుకని ఒక మీట. పైకి లేపితే తీగ రేడియోకు కలుస్తుంది. కిందికి దించితే నేలలో పాతిన ఇనుప కడ్డీకి కలుస్తుంది, పిడుగు పడ్డా భూమిలోకి పోతుంది. దించి ఉంచితే రేడియో పలకదు.

మీట లేపగానే రేడియో పలికింది. ఇన్నాళ్లూ ఎందుకు దించారని అడిగాను. సాయన్న పెట్టె మూతకు అంటించిన అచ్చు కాగితం చూపించాడు. 'వాతావరణము బాగుగా నున్నప్పుడు మీట పైకిని, బాగుగా లేనప్పుడు క్రిందికిని ఉంచవలెను.' అంతే. పిడుగు అన్న మాట కాగితంలో ఎక్కడా లేదు.

ఇంతలో సర్పంచ్ భీంరెడ్డి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆకాశం నిర్మలంగా ఉంది కదా, మీట ఎందుకు దించారని ఆయన్నీ అడిగాను.

"యాడ బాగున్నది సారు వాతావరణం? మిరుగం కార్తె పోవట్టె, సుక్క వాన లేదు. ఆముదాల చెలకలు నోరు తెరిచినయి. గిదే బాగుంటే, ఇగ బాగలేనిది ఎట్లుంటది?"

ఊరి బడిపంతులు సత్యనారాయణ గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవారు. మబ్బు లేని ఆకాశాన్ని బాగాలేదంటే ఎలాగండీ అని ఆయన మొదటి రోజు నుంచీ వాదిస్తున్నారు. కాలవ నీళ్లు తాగినోళ్లకు వాన ఇలువ ఏం తెలుస్తదని ఊరంతా ఆయన నోరు మూయించింది. మబ్బు పట్టి వాన రాని రోజున మాత్రం పంతులు గారూ ఊరివాళ్లూ రాజీపడ్డారట. మీటను పైకీ కిందికీ కాకుండా మధ్యలో నిలబెట్టి, జారకుండా కంది కట్టె ఆనించారు. ఆ రోజూ రేడియో పలకలేదు. దాని మీద ఇంకో పంచాయతీ జరిగింది.

ఉరుములు మెరుపులు వస్తే దించండి, మిగతా రోజులన్నీ లేపే ఉంచండని విడమరిచి చెప్పాను. భీంరెడ్డి ఒప్పుకోలేదు. వాన పడితేనే పని బందై మనుషులు తీరికగా కూర్చుంటారు, పాటలు వినేది అప్పుడేనని ఆయన లెక్క. పైగా, అచ్చు కాగితం సర్కారుది, నోటి మాట నాది. కావాలంటే నా మాట కూడా కాగితం మీద తెమ్మన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ, అందులో తప్పు పట్టడానికేమీ దొరకలేదు.

వాతావరణం బాగుండడమంటే ఏమిటో స్పష్టం చేయవలసిందిగా ఆఫీసుకు రాశాను. అక్కడా రెండు పక్షాలయ్యాయి. అసిస్టెంట్ ఇంజనీరు గారికి ఎండ పడదు, మబ్బు పట్టి చల్లగా ఉంటేనే వాతావరణం బాగున్నట్టని ఆయన అభిప్రాయం. స్టోర్‌కీపర్‌కు ఉబ్బసం, చల్లగా ఉంటే ఆయన ప్రాణం మీదికి వస్తుంది. ఫైలు ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి చివరికి నాకు జవాబు వచ్చింది: 'వాతావరణము బాగుగా ఉన్నదని చెప్పజాలని సందర్భములలో బాగుగా లేనట్లు పరిగణించవలెను.' నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దాంతో పాటే, నా ఉత్తరమే మూడో ఫిర్యాదుగా నమోదైందని, సెట్టును ఊడదీసి గడలు, తీగతో సహా పక్క ఊరికి అప్పగించమని హుకుం.

హుకుం జేబులో పెట్టుకుని పోయాను. ఊరు చేరేసరికి పడమర నల్లగా కమ్ముకొస్తోంది. పంచాయతీ ముందర ఊరంతా ఉంది. మీట పైకి ఉంది. వ్యవసాయదారుల కార్యక్రమం గట్టిగా వస్తోంది. మీట కింద కాపలాగా నిలబడిన సాయన్న మొహం వెలిగిపోతోంది. ఆకాశం పెళపెళా ఉరిమింది. మీట దించమని కేకవేశాను.

"గిన్ని దినాల సంది దించే ఉంచిన సారు. ఇయ్యాల్నే మంచి వాతావరణం అయింది. గిప్పుడు దించుమంటే ఎట్ల?"

సాయన్న రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. ఊడదీసుకుపోయేందుకు వచ్చానని ఆయనకు ఎవరో అప్పటికే చెప్పారు. ఆయన చంక కిందుగా చెయ్యి పోనిచ్చి మీటను గుంజి దించాను. 'రాగల రెండు రోజులలో వాతావరణం పొడిగా' అంటున్న రేడియో అక్కడే ఆగిపోయింది. జనం నన్ను తిట్టడం మొదలుపెట్టారు. అది పూర్తి కాకముందే పిడుగు పడింది.

కళ్లు తెరిచేసరికి ఒక గడ నిలువునా చీలి ఉంది. తీగ తెగి పటేలు గారి దొడ్డి మీద వేలాడుతోంది. కడ్డీ పాతిన చోట నేల పొగలు కక్కుతోంది. రేడియోకు ఏమీ కాలేదు. వాన దంచి కొడుతుంటే భీంరెడ్డి నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు.

"గిదా సారు, బాగలేదంటే?"

గిదే అన్నాను.

"గీ ముక్క కాయితంల రాస్తే మీ సొమ్మేం పోయేది?"

సాయన్న మాత్రం నా జేబు వంకే చూస్తున్నాడు. హుకుం తీసి మళ్లీ చదివాను. గడలు, తీగతో సహా అప్పగించవలెను అని ఉంది. గడ చీలింది, తీగ తెగింది. సామగ్రి అసంపూర్ణంగా ఉన్నందున హుకుం అమలు సాధ్యం కాలేదని అక్కడే, సాయన్న పట్టిన గొంగడి కింద నిలబడి రాశాను. ఆయన కొత్త వెదురు కొట్టుకొచ్చి తీగ కట్టాడు. కొత్త గడ మంజూరుకు పంపిన కాగితం ఆఫీసులో తిరుగుతూనే ఉంది. వానకాలమంతా రేడియో పలికింది, ఫిర్యాదు రాలేదు. మంజూరు కాని గడతో సెట్టును కదిలించే అధికారం ఎవరికీ లేకపోయింది.

మరుసటి ఏడాది పక్క ఊరికి కొత్త సెట్టే ఇచ్చారు. కాగితం ఈసారి నేనే రాశాను: 'ఉరుము వినబడితే మీట దించవలెను, ఆగిన పిమ్మట లేపవలెను.' ఇక ఎవరూ వాదించడానికి ఏమీ లేదనుకున్నాను. నెల తిరక్కుండానే వాళ్ల సర్పంచ్ నుంచి ఉత్తరం వచ్చింది. ఉరుము మా పొలిమేరలోనిది అయితేనే దించాలా, సాయన్న ఊరిది అయినా దించాలా, తెలుపగలరు.

సూచన రాసేవాడు బాగు, ఓగు అని తన తీర్పు రాయకూడదు, చదివేవాడి కంటికి కనబడేదీ చెవికి వినబడేదీ రాయాలి, దాని పక్కనే కారణం కూడా రాయాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అది. ఆ ఉత్తరానికి జవాబుగా మాత్రం ఎవరి ఉరుమైనా దించమని రాసి, కింద సర్కారు ముద్ర వేయించి పంపాను.