మూతల మీద పేర్లు

పెద్దమ్మ పంతొమ్మిదేళ్లుగా కణాలకు మేత వేస్తోంది. ఆ ప్రయోగశాలలో ఆమెకన్నా పాతది గోడగడియారం ఒక్కటే, అదీ ఆగిపోయింది. రోజూ చేతొడుగులు తొడుక్కుని, డిష్‌ల మూతలకు పట్టిన తేమ తుడిచి, పాత మేత ద్రవం తీసేసి కొత్తది పోస్తుంది. కణాలు ఆబగా తింటే గులాబీరంగు ద్రవం పసుపుకు తిరుగుతుంది.

ఆ సోమవారం పరిశోధక విద్యార్థిని పరుగున వచ్చింది.

"పెద్దమ్మా, చూశారా? చావాల్సినవి బతికాయి, బతకాల్సినవి పోయాయి."

మామూలు కణం చక్కెరను మైటోకాండ్రియా అనే బుల్లి పొయ్యిల్లో నిదానంగా కాల్చి శక్తి తీసుకుంటుంది. వీళ్లు పరీక్షిస్తున్న కేన్సర్ ప్రోటీన్ ఆ పొయ్యిలను మందగింపజేస్తుంది. అప్పుడు కణం చక్కెరను గబగబా మింగి, సగమే వాడుకుని, ఆమ్లం వదులుతుంది. పసుపు రంగు అందుకే. చక్కెర మానేసి, ఆ పొయ్యిల్లో తప్ప ఉడకని మేత వేస్తే ప్రోటీన్ ఉన్న కణాలే ముందు చావాలి. చావలేదు. కొత్త సంగతి దొరికిందని, సాయంత్రానికల్లా పత్రికకు వ్యాసం పంపేస్తానని ప్రయోగశాల నడిపే సారు అన్నారు.

పెద్దమ్మకు శుక్రవారం గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె ప్రోటీన్ ఉన్న కణాలవీ లేనివాటివీ రెండు డిష్‌ల మూతలూ ఒకేసారి తీసి తుడిచింది. పేర్లు మూతల మీదే ఉన్నాయి. డిష్ అడుగున రాయాలని కొత్తవాళ్లకు నేర్పేది ఆమే.

నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. ఆమె సారు గదిలోకి వెళ్లింది. విద్యార్థిని కూడా వెనకే వచ్చింది.

"మూతలు మారాయేమో, సారూ. శుక్రవారం రెండూ ఒక్కసారే తీశాను."

"మారాయా, మారాయేమోనా?"

"అదే తెలీడంలేదు. బతికినవాటికి చక్కెర పోసి చూద్దాం. రేపటికి పసుపైతే నాది ఉత్త అనుమానం. గులాబీగా ఉంటే నాదే తప్పు."

"నోటిదాకా వచ్చిన ముద్ద, పెద్దమ్మా," అంది విద్యార్థిని. "మూడేళ్ల పని."

సారు కంప్యూటరు మూసేశారు. "రేపు మూడింటిదాకా ఆగుతాను."

పోల్చి చూడటానికి, అసలు నిల్వలోంచి తెచ్చిన ప్రోటీన్ కణాలకూ చక్కెర పోసి పక్కనే పెట్టారు. మర్నాడు పెద్దమ్మ గంటకోసారి కణాలుంచిన వెచ్చని అలమర తలుపు తీసింది. విద్యార్థిని పక్కనే నిలబడింది. పదకొండుకు నిల్వ కణాల ద్రవం లేతబడింది. ఒంటిగంటకు నారింజ రంగు. మూడింటికి పసుపు నీళ్లే.

బతికిన కణాల డిష్ నిన్న పోసినప్పటిలాగే గులాబీగా ఉంది.

సారు తొంగిచూసి, తన గదికి వెళ్లిపోయారు.

"పంపేసి ఉంటే?" అంది విద్యార్థిని.

పెద్దమ్మ కొత్త డిష్‌లు రెండు తీసి, వాటి అడుగున మార్కరుతో పేర్లు రాసింది.

"ఈసారి మూతలు నేను తుడుస్తాను," అంది విద్యార్థిని, ముక్కు ఎగబీలుస్తూ.

"తుడువు తల్లీ. ఒకటి మూసాకే ఇంకోటి తియ్యి."