అమీర్‌పేటలో సముద్ర ఈత

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఏ విద్యకైనా ముందు ఉచిత డెమో ఉండేది. నేర్పేవాడికి ఆ విద్య వచ్చా అని అడిగే తీరిక మాత్రం ఎవరికీ ఉండేది కాదు. నేనప్పుడు ఒక కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పేవాణ్ని. ఏ కంపెనీ గడపా తొక్కకుండానే, పాత బ్యాచ్‌ల జిరాక్స్ నోట్సు చూసుకుని, "రియల్ టైమ్‌లో ఏమవుతుందంటే" అంటూ ఏడాదిన్నర నెట్టుకొచ్చాను. ఆ అలవాటే నన్ను సముద్రం దాకా లాక్కెళ్లింది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అక్కడికి చేరేదాకా ఆరు వారాలూ నాకు అన్నం సయించలేదు.

మాది బాపట్ల వైపు సముద్రపు ఒడ్డు ఊరు. ఒకరోజు హాస్టల్ మెస్సులో, మా తాతల కాలంలో ఊళ్లో ఈత పందెం జరిగేదనీ, ఒడ్డు నుంచి లంగరేసిన పడవ దాకా పోయి రావాలనీ, అది ఆగిపోయి చాలా ఏళ్లయిందనీ చెప్పాను. అక్కడితో ఆపినా బాగుండేది. మా ఇంట్లో అందరికీ ఈత పుట్టుకతోనే వస్తుందని కూడా అన్నాను. (నిజానికి నేను మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగలేదు. చిన్నప్పుడు ఒక అల నన్ను పడేసి చెప్పు ఎత్తుకుపోయింది. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.) నోట్సు కట్టలు ఇవ్వడానికి వచ్చిన పంజాగుట్ట జిరాక్స్ భాయ్ అది విన్నాడు. ఆయన ఈత కొలనులోనే పెరిగిన మనిషి. "గా పందెం మనం మళ్ల పెడదాం అన్నా. నువ్వు నేర్పు, మనుషుల్ని నేను తెస్త" అన్నాడు. మర్నాటికల్లా 'సముద్ర ఈత, ఉచిత డెమో' అన్న కాగితాలు హాస్టళ్ల గుమ్మాల్లో వెలిశాయి. కింద నా పేరు, దాని పక్కన 'కోస్తా అనుభవం' అని.

పద్నాలుగు మంది చేరారు. ఎక్కువమంది మా హాస్టల్ కుర్రాళ్లే. ఆ పద్నాలుగు మందిలో హాస్టల్ నడిపే ఆంటీ కూడా ఒకరు. యాభై దాటిన మనిషి, చర్చిలో ఆవిడ పాడితే మైకు అక్కర్లేదు, చిన్నప్పుడు బావుల్లో ఈత నేర్చిందట. నేను బోర్డు మీద అలలు గీసి, బాణాలు పెట్టి, అల వచ్చినప్పుడు ఏం చేయాలో గంటసేపు చెప్పాను. కొలను దగ్గర మాత్రం ఈల పట్టుకుని గట్టు మీదే నిలబడేవాణ్ని. కోచ్ నీళ్లలో దిగితే అందరూ కనపడరని వాదించాను. ఈలోగా ఊళ్లో మా బాబాయి, పందెం మళ్లీ మొదలవుతోందని వీధివీధికీ చెప్పేశాడు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు. నా భయం నేను మునగడం గురించి కాదు (ఎలాగూ దిగను కదా). నా మాట నమ్మి దిగిన పద్నాలుగు మందిలో ఒక్కరు తిరిగి రాకపోతే? పొద్దున్నే పేపర్లో మునిగిపోయినవాళ్ల వార్తలు వెతుక్కుని చదివేవాణ్ని. ఒక తెల్లవారుజామున ఒంటరిగా కొలనుకు వెళ్లాను కూడా. మెట్ల మీద కూర్చుని పాదాలు తడుపుకుని వచ్చేశాను.

పందెం రోజు పొద్దున అందరూ మా ఊరి ఒడ్డున వరుసగా నిలబడ్డారు. ఊరంతా చూస్తోంది. దూరంగా పడవ మీద ఎర్రగుడ్డ ఎగురుతోంది. ఈల నోట్లో పెట్టుకున్నాను, ఊదలేకపోయాను. సముద్రం నేను బోర్డు మీద గీసినట్టు లేదు. ఈల తీసేసి, "నాకు ఈత రాదు. నేను చెప్పిందేదీ నమ్మొద్దు, ఎవరూ దిగొద్దు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు గానీ, అందరికీ వినపడింది.

ఆంటీ జుట్టు ముడేసుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"నాకు ఎరుకే బాబూ. ఆరు వారాలసంది డాబా మీద పోరగాళ్ల ఈత బట్టలు ఆరుతున్నయి. నీ నిక్కరు ఒక్కనాడు సుత తీగెక్కలే."

"మరి ముందే చెప్పొచ్చు కదా ఆంటీ?"

"నువ్వే చెప్తవని చూసిన. ఇప్పుడు సుత చెప్పకుంటే అందర్నీ బస్సెక్కిచ్చి తీస్కపోయేదాన్ని."

ఆవిడ ఈ సంగతి ముందే భాయ్ చెవిన వేసిందట. భాయ్ నెల రోజుల క్రితమే మా బాబాయికి ఫోన్ చేసి, రెండు పడవలు, నలుగురు గజఈతగాళ్లు కావాలని మాట్లాడుకున్నాడట. "ఫికర్ జెయ్యకు అన్నా, పడవ దాకా దూరం సగం జేసినం" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ ఆరు వారాల తర్వాత మొదటిసారి ఆకలేసింది. జాలర్లు ముందు నీళ్లలోకి దిగి చూసి, సముద్రం నెమ్మదిగానే ఉందని చెప్పాకే పందెం మొదలైంది. బాబాయి నా నడుముకి లారీ ట్యూబు తగిలించి, పడవెక్కించి, తలలు లెక్కపెట్టమన్నాడు.

లెక్కపెట్టాను. పద్నాలుగు. మళ్లీ పద్నాలుగు. మూడోసారి పదమూడు వచ్చింది. పడవలో లేచి నిలబడి ఆంటీ, ఆంటీ అని కేకలు పెడుతుంటే, సరిగ్గా నా వెనక పడవ అంచు కిందనుంచి, "ఈడనే ఉన్న, జర దమ్ము తీస్కోనియ్యి" అని వినపడింది. ఆవిడ ఆఖరున ఒడ్డు చేరింది. ఊరంతా ఆవిడకే ఎక్కువ చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత ఏటా పందెం జరుగుతూనే ఉంది. ఏటా పడవలో కూర్చుని తలలు లెక్కపెట్టేది నేనే. ఆ ఏడే భాయ్ దగ్గర మొదటినుంచీ ఈత నేర్చుకున్నాను, డెమో లేకుండా. ఇప్పుడు ఎర్రగుడ్డ దాకా పోయి రాగలను, అయినా పందెం రోజు మాత్రం నన్ను నీళ్లలోకి దిగనివ్వరు. కొత్తవాళ్లు సలహా అడిగితే "రియల్ టైమ్‌లో" అని నోరు తెరుస్తాను, వెనక నుంచి ఆంటీ దగ్గుతుంది. మా ఇంటి బాల్కనీ వీధి వైపుంటుంది. లోపల ఎంత చోటున్నా, తడిసిన ఈత నిక్కరు మాత్రం అక్కడే ఆరేస్తాను.