జీపుల పంచాయితీ

కాగజ్‌నగర్ దారిలో మా బస్సు వాగు ముందు ఆగింది. చిన్న వంతెన మీదుగా నీళ్లు పారుతున్నాయి. కరీంనగర్‌లో ఎక్కినప్పటి నుంచి పక్క సీటతనికీ నాకూ ఒకటే లొల్లి. పాత జీపుల్లో ఏది గొప్పది? నాది విల్లీస్, అతనిది జిప్సీ.

"నా జిప్సీ అయితే గీ వాగు ఎప్పుడో దాటుతుండె," అన్నాడు.

"నా విల్లీస్ గప్పటికే అవుతల ఉంటుండె," అని నేనూ లేచాను.

గొంతులు పెరిగాయి. మా మాటలకు బస్సంతా రెచ్చిపోయింది. "పోనియ్యి డ్రైవరన్నా!" అని అరిచారు. డ్రైవర్ గేరు వేశాడు.

అప్పటిదాకా నోరు విప్పని ఒక ముసలాయన లేచి, చెయ్యి అడ్డం పెట్టి బస్సు ఆపించాడు. ధోతి పైకి కట్టి, చేతికర్రతో నీళ్లను పొడుచుకుంటూ వంతెన మీదికి నడిచాడు. పది అడుగులకే కర్ర పిడిదాకా మునిగింది. అక్కడ వంతెన తెగిపోయి ఉంది.

తిరిగొచ్చి మా ఇద్దరినీ చూశాడు.

"బండి ఏదైతేంది బిడ్డా, ముందుగాల మనిషి దిగి సూడాలె. నేను జీపు నడిపేటప్పుడు ఒకనాడు గిట్లనే వాగు కాడ దిగి సూడకుంట పోనిచ్చిన."

బుద్ధి లేక అడిగాను. "ఏ జీపు కాకా?"

ధోతి అంచు పిండుకుంటూ అన్నాడు. "పదకొండు మంది ఎక్కిన జీపు."

నా విల్లీస్‌లో సీటు కింద ఇప్పుడొక కర్ర ఉంటుంది.