ఆ పట్టికలో పదకొండు గళ్లు

సౌదీలో, జుబైల్ క్యాంపు ఆఫీసులో నేను పనివాళ్ల ఇకామా కాగితాలు, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్లవి, టైపు చేసేవాణ్ణి. అంతకుముందు భాషాశాస్త్రంలో పరిశోధన మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాణ్ణి. చదువు పోయినా దాని గీర మాత్రం పోలేదు. మా దగ్గర ఒక ఫిట్టర్ ఉండేవాడు. పపువా పక్కనున్న చిన్న ద్వీపం నుంచి వచ్చాడు. తన భాష మాట్లాడేవాళ్లలో ఇక పెద్దవాళ్లే మిగిలారని, పిల్లలకు రాదని ఆయన చెప్పగానే ఎగిరి గంతేశాను.

శుక్రవారాలు భోజనాలయ్యాక మెస్‌లో కూర్చునేవాళ్లం. నా దగ్గర వంద మాటల పట్టిక ఉండేది. కన్ను, పేను, నీళ్లు, నిప్పు, రాయి, ఇలాంటివి. ఈ మాటల్ని జనం పక్కవాళ్ల దగ్గర అంత తేలిగ్గా అరువు తెచ్చుకోరు. చుట్టుపక్కల భాషలతో పోల్చి చూస్తే ఏది ఏ కుటుంబానిదో కొంత తెలుస్తుంది. ఆయన భాషను అంతవరకు ఎవరూ ఏ కుటుంబంలోనూ చేర్చలేదు.

"మాది భాషే కాదు, ఉత్త యాస అంటారు. భాషేనని రాస్తావా?" అని వచ్చీరాని అరబిక్‌లో అడిగాడు. రాస్తానన్నాను.

పదకొండు మాటల దగ్గర ఆగిపోయాడు. నిప్పు అంటే తల దించుకుని "వేడిది" అన్నాడు. రాయి అంటే నవ్వి ఊరుకున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "సొంత భాషలో నిప్పు కూడా తెలీదా?" అనేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ గళ్లన్నిటిలో "మరిచిపోయాడు" అని రాసుకున్నాను. మాటలు రాలిపోయిన కలగాపులగం, కుటుంబం తేల్చలేం అని మా పాత గురువుగారికి ఉత్తరం కూడా పంపేశాను.

ఆ ఏడే బయటి దేశాల పనివాళ్ల మీద కంపెనీలు మనిషికింత అని కట్టే లెవీ పెంచారు. ఏ కంపెనీలో సౌదీలు ఎంతమంది ఉన్నారో చూసి రంగులిచ్చే నితాకాత్‌లో, సరిపడా లేరని మా కంపెనీ ఎరుపు రంగులో పడింది. ఇకామాలు రెన్యూ కావడం ఆగిపోయింది. ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేసే ఫైనల్ ఎగ్జిట్ జాబితాలో ఆయన పేరు నేనే టైపు చేశాను.

వెళ్లే రోజు అందరూ బస్సు కోసం నిలబడ్డారు. ఆయనతో పాటు పనిచేసే నా రూమ్మేటు, కరీంనగర్ మనిషి, ఆయనతో ఏదో మాట్లాడి నా దగ్గరికొచ్చాడు.

"నిప్పు మర్శిపోలేదట భై. ఆయన మామ పేరు గదేనట. పెండ్లాం తరుపు పెద్దల పేర్లు, ఆ పేర్లల్ల ఉన్న మాటలు అల్లుడు నోటితోని అనొద్దట. మా అమ్మ సుత మా బాపు పేరు తియ్యదు. గంత సదువు సదివినవ్, గీ ముచ్చట అడగాలె గద?"

మా అమ్మా అంతే. రేషన్ కార్డు ఆఫీసులో గుమాస్తా నాన్న పేరు అడిగితే నా వైపు చూసేది, నేను చెప్పేవాణ్ణి. ఆమె మొగుడి పేరు మరిచిపోయిందని ఆ గుమాస్తా రాసుకోలేదు. ఆపాటి ఇంగితం నాకు లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

పట్టిక తీసుకుని పరుగెత్తాను. ఆయన దాన్ని అందుకుని చూశాడు. నా తెలుగు రాత చదవడం ఆయనకు రాదు.

"ఈ గళ్లలో ఏం రాశావు?" అని అడిగాడు.

"తర్వాత అడగాలని రాశాను."

ఆయన ముఖం వెలిగింది. "నాకు తెలియవనే అనుకున్నావని ఇన్నాళ్లూ బాధపడ్డాను" అని నా చెయ్యి గట్టిగా నొక్కి, బస్సెక్కాడు.