మందిరం పక్కన సున్నపు గుంట

గద్వాలలో మా ప్రార్థన మందిరానికి గోడలు లేస్తున్న రోజుల్లో నాకు కొత్తగా పెళ్ళయింది. పుట్టింటి పక్కనే కాపురం. నాన్న మిషను బడిలో పంతులు, సంఘపెద్ద కూడా. సంస్థానం వారు మందిరానికి ఇచ్చిన నేల అంతకుముందు ఖాళీ బయలు. దానికి ఒకవైపు సాలెవాడ, మరోవైపు వాళ్ళు పడుగు చాపి గంజి పెట్టే మైదానం. ఎండ ఎక్కితే నూలు పటపట తెగుతుంది కనుక వాళ్ళ ఆడవాళ్ళు చీకటి వీడకముందే గంజి కడవలతో ఆ నేలకు అడ్డంగా నడిచేవాళ్ళు. అది మందిరం స్థలమైందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అటు రావద్దని మేమూ అనలేదు.

గోడల పూతకు సున్నం కావాలి. కాల్చిన సున్నపురాయిని ఆ నేలలోనే తవ్విన నడుములోతు గుంటలో పోసి, నీళ్ళు పెట్టి మగ్గబెట్టాలి. పైన తెట్టు కడుతుంది. దాని మీద దుమ్ము పడితే నేలకూ దానికీ తేడా తెలియదు. అందుకే మేస్త్రీ చుట్టూ తుమ్మకంప వేయించాడు.

ఒక ఆదివారం గాలి బాగా లేచింది. ఆరాధన ముగిసి బయటికి వచ్చేసరికి కంప సగం కొట్టుకుపోయింది. మా సంఘంవాడే అయిన మేస్త్రీ నాన్న దగ్గరికి వచ్చాడు.

"పంతులూ, గుంట కంప లేచిపోయింది. జర నాలుగు తుమ్మ మండలు నరికి ఏస్త."

"ఇయ్యాల ప్రభువు దినం గద బిడ్డా. గొడ్డలి ముట్టొద్దు. రేపు పొద్దుగాల ఏద్దాం."

"గాలికి తెల్వకపాయె పంతులూ, ఇయ్యాల ఐతారమని!"

అందరం నవ్వాం. ఊళ్ళో ఇంకెవరైనా అయితే ఆ పూటే కంప వేసేవాళ్ళు. ఆదివారం పనిముట్టు పట్టకపోవడం ఊరి బయటి మా పాలెం కొత్తగా నేర్చుకున్న భక్తి. దాన్ని నాన్న ప్రాణంలా కాపాడేవాడు.

సోమవారం ఇంకా వెలుగు రాకముందే అరుపు వినిపించింది. సాలెవాడ కోడలు ఒకామె కడవతో సహా గుంటలో బోర్లా పడింది. నాన్నే దూకి ఆమెను పైకి లాగాడు. వాళ్ళ వాడవాళ్ళు కళ్ళల్లో ఆముదం పోశారు. కృష్ణ దాటించి, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూలు దవాఖానకు బండి చేరేసరికి రెండు కళ్ళూ పోయాయి.

తెగిన పోగులు అతకడంలో ఆ వాడలో ఆమెది మంచి చెయ్యి. చూపు లేకుండా అయ్యే పని కాదది. ఇక ఈమెను మూలన కూర్చోబెట్టి బువ్వ పెట్టడమేనని అత్త అప్పుడే అనేసిందట. మగడు మాత్రం మందిరం మీద కోర్టుకెక్కాడు. ఆమెకు ఎవరో ఒకరు జవాబుదారీ అని మున్సిఫు నోట వినాలని అతని పట్టుదల.

మందిరం తరఫు వకీలు మా ఇంటికి వచ్చాడు.

"ఒక్క మాట చాలు పంతులూ. వాళ్ళు గా దారిల నడుస్తరని నాకు తెల్వదు అను. నీ దేవుడు గూడ నీ మీద కేసు పెట్టడు."

"ఆయన ఎప్పుడో పెట్టిండు," అన్నాడు నాన్న.

కోర్టులో నేను ఆడవాళ్ళతో కలిసి గోడవారన నిలబడ్డాను. మున్సిఫు ఉర్దూలో అడిగాడు, గుమాస్తా తెలుగులో చెప్పాడు. ఆమె ఆ దారిన నడుస్తుందని తెలుసా?

"తెలుసు హుజూర్. దినాం పోతరు. కడవల సప్పుడుకే నేను లేస్త."

"కంప పోయిందని తెలుసా?"

"తెలుసు."

మా వాళ్ళు తలలు దించుకున్నారు. ఆమె మగడు నాన్న వైపు ఆశగా చూశాడు. ఇక గెలిచామని అనుకున్నాడేమో. నేనూ అలాగే అనుకున్నాను.

తీర్పు మరోలా వచ్చింది. తెలియడం వేరు, బాధ్యత వేరు అన్నాడు మున్సిఫు. పిలిచిన మనిషికి ఇంటివాడు జవాబుదారీ. హక్కున్న దారిలో పోయేవాడికీ జవాబుదారీ. పిలవకుండా, హక్కు లేకుండా పరాయి నేలలో అడుగుపెట్టినవాళ్ళకు కావాలని కీడు చేయకుంటే చాలు, అంతకుమించి జాగ్రత్త పడాలని కానూను అడగదు. నాన్న నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాడు కూడా. కేసు కొట్టేశాడు.

గొయ్యి తవ్వి మూయకుండా వదిలినవాడు అందులో పడిన ఎద్దుకు జవాబు చెప్పాలని బైబిలు వాక్యంలో ఉంది. ఆ ఎద్దును ఎవరు పిలిచారని వాక్యం అడగదు. పశువుకు దొరికిన ఆ పాటి నీడ ఆ ఆడమనిషికి ఏ కోర్టులో దొరుకుతుందో నాకు తోచలేదు. వచ్చిన ఆదివారం సంఘం కృతజ్ఞతా ప్రార్థన పెట్టింది. ప్రభువు తన మందిరాన్ని అవమానం నుంచి తప్పించాడని ఒకాయన కన్నీళ్ళతో స్తోత్రం చేశాడు. ఆమేన్ అనడానికి నాకు నోరు రాలేదు. నాన్న మోకాళ్ళ మీదే ఉండిపోయాడు.

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని సాలెవాడకు నడిచాడు. అంటరానివాళ్ళమని పాలెంవాళ్ళం ఆ ఇళ్ళ గడప తొక్కరాదు. వాకిట్లోనే ఆగాం. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది.

"నేను అమ్మా, పంతుల్ని. కోర్టు ఏమన్నగాని, నీ బువ్వకు నేను..."

నాన్న గొంతు వచ్చిన వైపు ఆమె తల తిప్పింది.

"నువ్వు పిలువకుండనే నేనొచ్చిన్నంట గద పంతులూ? నిన్ను గూడ నేను పిలువలే. పో."

మగడు లోపలినుంచి వచ్చాడు. ఆమె చెయ్యి పట్టి లేపి లోపలికి తీసుకుపోయి తలుపు వేశాడు.

నాన్న ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాడు. ఆ తలుపు తెరుచుకోలేదు.